డబ్బాలో ఆల్టో

జయశీల పొద్దుగాల నాలుగింటికే లేస్తది. అన్నం, కూర వండి, టిఫిన్ డబ్బాల కింది గిన్నెల అన్నం, నడిమి గిన్నెల కూర పెడ్తది. మీది గిన్నె ఖాళీగ ఉంచుతది. ఆమె చేసేది కాజీపల్లిల ఒక మందుల కంపెనీల, మొదటి షిఫ్టు. గేటు కాడికి వచ్చినంక జెర పక్కకు జరిగి, ఆ ఖాళీ గిన్నెల నోరు పెట్టి సన్నగ ఒక కూనిరాగం తీసి, మూత బిగిస్తది. గొంతు అండ్ల పడిపోతది. ఇగ మధ్యాహ్నం రెండింటి దాకా సైగలే. లోపలి ఘాటుకు ఎంత మంచి గొంతయినా పాడైతది మరి. గాజులు, కమ్మలు తీసి లాకర్ల పెట్టేటోళ్లు పెడ్తరు, జయశీల గొంతు పెడ్తది. దాని గురించి అడిగినోళ్లు లేరు.

ఆ గొంతుకు పని చర్చిల. ఎవాంజెలిన్ టీచర్, జయశీల తమ్ముడు ఎబెనేజర్, పెద్దాయన పరంజ్యోతి, జయశీల కలిసి నాలుగు గొంతులతోని పాడ్తరు. టీచర్‌ది పై గొంతు, తమ్మునిది టెనర్, అంటే మొగోళ్ల పై గొంతు. పరంజ్యోతిది బేస్, ఆయన కిందికి దిగిండంటే బెంచీలు అదురుతయి. జయశీలది ఆల్టో. ఆల్టో అంటే నడిమి గొంతు. అది పాటను ముందుండి నడిపియ్యది, విడిగ చెవిల పడది. లేకపోతే మాత్రం పాట ఉప్పులేని పప్పే. వీళ్ల మొదటి ఆల్బం ఊరూరా మోగింది. రెండో ఆల్బంల తొమ్మిది పాటలు అయిపోయినయి, పదోది మిగిలింది. ఆ పాట జయశీల ఒక్క గొంతుతోనే మొదలైతది. ముప్పై ఐదేండ్ల వయసుకు ఆల్టోకు దొరికిన ముందు వరుస అదొక్కటే. పటాన్‌చెరువుల స్టూడియో శనివారం సాయంత్రం ఆరింటికి దొరికింది. ఆదివారం ఆ బిల్డింగును రోడ్డు వెడల్పు కోసం కూలగొడ్తున్నరు. శనివారం తప్పితే పాట లేనట్టే.

ఆ శనివారం షిఫ్టు దిగి జయశీల డబ్బా మూత తీసింది. మీది గిన్నెల జొన్నరొట్టె ముక్క ఉంది.

దసరాకు కంపెనీ అందరికీ ఒక్క తీరు డబ్బాలు పంచింది గదా, ఎవరిదో ఎవరో పట్టుకపోయిండ్రు. జయశీల బండి మీద తీస్కపోను వచ్చిన తమ్మునికి చేతులు తిప్పి తిప్పి చెప్పింది. వాడు గేటు కాడ సెక్యూరిటీ కొమురయ్య దగ్గరికి ఉరికిండు.

"కొమురన్నా, మా అక్క ఆల్టో పోయిందే."

"అయ్యో, నంబరెంత తమ్మీ?"

ఎబెనేజర్ మనసంతా పాట మీదనే ఉంది. పది అని చెప్పిండు. కొమురయ్య రాసుకున్నడు, విజిల్ ఊదిండు, పార్కింగు అంతా జల్లెడ పట్టిండు. రెండు ఆల్టోలు దొరికినయి. రెండూ ఆఫీసు సార్లయే, రెండిటి నంబర్ల పది లేదు. గిట్ల ముప్పావు గంట పోయింది. హత్నూర స్టాఫ్ బస్సు కూడా పోయింది. అప్పుడు గని పోయింది కారు గాదని తేలలే.

"గొంతా? ముందుగాలనే చెప్పొద్దా?" అని కొమురయ్య నెత్తి కొట్టుకున్నడు. గొంతయితే డబ్బాలు చూసేటోళ్లం గదా అన్నడు. లాకర్ల పుస్తకం తీస్తే జయశీల పక్క లాకరు దేవమ్మది, హత్నూర ఆమెది.

దేవమ్మను జయశీల రోజూ చూస్తది గని, ఎన్నడు మాట్లాడింది లేదు. ఇద్దరికీ లోపల గొంతు లేదాయె. దేవమ్మ మందులు ఆరబెట్టే రూముల ఏండ్లకేండ్లు చేసింది. గొంతు డబ్బాల పెట్టుకోవాల్నని ఆమెకు చెప్పినోళ్లు లేకుండె. ఐదేండ్ల కింద గొంతు పోయింది, అప్పటినుంచి ఊడ్చే పనిల పెట్టిండ్రు.

అక్కాతమ్ముడు హత్నూరకు చేరేసరికి నాలుగు దాటింది. దేవమ్మ వాడకట్టుల జనం బయట నిలబడి ఉన్నరు. వాకిట్ల నిలబడి దేవమ్మ ఒక్కొక్కరి పేరు పిలుస్తున్నది. ముందుగాల బర్రెను పిలిచిందంట, తర్వాత బిడ్డ చంద్రికను, ఆ తర్వాత వాడకట్టు అందరినీ. ఐదేండ్లు నోట రాని పేర్లు ఒక్కొక్కటి వస్తుంటే, పిలిపిచ్చుకున్నోళ్లు వచ్చి ఆమె ముందు చేతులు కట్టుకొని నిలబడ్తున్నరు. సోమమ్మ అనే ముసలామెయితే రెండుసార్లు పిలిపిచ్చుకున్నది. మొగుడు నర్సింహ ఒక్కడు గడప మీద కూసొని ఉన్నడు. ఆయన వంతు ఇంక రాలే. మొగుని పేరు నోటితోని అనరాదు గదా, ఏమని పిలువాల్నో ఆమెకు తెలుస్తలేదు.

జయశీల ఎప్పుడూ మూడు గొంతుల నడుమ నలిగే తన గొంతును ఒంటిగ, బయటినుంచి విన్నది ఇదే మొదలు. నా గొంతుల ఇంత లోతుందా, ఇంతమందిని నిలబెడ్తదా అనుకున్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

దేవమ్మ ఆమెను చూసి ఆగిపోయింది.

"రొట్టె మిగిలిందేమోనని మూత తీసిన బిడ్డా. గొంతు లోపలికి పోయింది. నీదని తెలుసు. ఇంకొక్క పేరు, ఇంకొక్క పేరు అనుకుంట ఆలస్యం చేసిన."

డబ్బా తెచ్చి, మీది గిన్నెల నోరు పెట్టి కూనిరాగం తీసి, మూత బిగిచ్చి జయశీల చేతుల పెట్టింది. నర్సింహ దిక్కు ఒక్కసారి చూసి తల దించుకున్నది. ఆయన లేచి, కండువ దులుపుకొని, బర్రె కాడికి పోయిండు.

ఎబెనేజర్ టైం అయితున్నది జల్దీ అంటున్నడు. జయశీల మూత తీసి గొంతు లోపలికి తీసుకున్నది. వెచ్చగ ఉంది. బండి ఎక్కలే. దేవమ్మ చెయ్యి పట్టుకున్నది.

"నువ్వు సోమవారం నుంచి రెండో షిఫ్టుకు మారమ్మా. నేను పనిల ఉన్న ఎనిమిది గంటలు ఇది డబ్బాల ఊకెనే పడి ఉంటది, నీకు పంపుత."

దేవమ్మ ఆ చెయ్యిని రెండు చేతులతోని కండ్లకద్దుకున్నది.

ఆరింటికి ఐదు నిమిషాలు ముందుగ వాళ్లు స్టూడియోల ఉన్నరు. జయశీల మొదటి మాట ఎత్తుకున్నది. దూరంగ చేన్ల ఉన్నోళ్లను ఇంటికి పిలిచినట్టు ఎత్తుకున్నది. ఎన్నడూ తప్పని పరంజ్యోతి తన వంతు మరిచిపోయి చూస్తుండిపోయిండు. మళ్లీ మొదటినుంచి పాడాల్సి వచ్చింది. రికార్డు చేసే కళ్యాణ్ పాట అయినంక కూడా మిషను బంద్ చెయ్యలే. రోడ్డు మీద లారీల చప్పుడు ఎప్పుడు ఆగిందో, ఎందుకు ఆగిందో ఎవరికీ తెల్వదు.

సోమవారం పొద్దుగాల గేటు కాడ జయశీల డబ్బా మూత బిగిచ్చి, రాత్రి షిఫ్టోళ్లను హత్నూరల దింపే బస్సు డ్రైవర్ సునీల్‌కుమార్ చేతికిచ్చింది. ఆయన దాన్ని ఇంజను మీద పెట్టుకున్నడు. మధ్యాహ్నం రెండింటికి దేవమ్మ అదే డబ్బా గేటు కాడికి పట్టుకొస్తది.

నర్సింహ ఎప్పుడూ తెల్లారకముందే చేనుకు పోతడు. ఆ పొద్దు పోలే. ఏడున్నర దాకా పశువుల కొట్టం ఊడ్చిందే ఊడ్చిండు. బస్సు వచ్చిన చప్పుడు విన్నడు, మూత తీసిన చప్పుడు విన్నడు.

"ఇగో, ఇంటున్నవా," అని ఇంట్లకెల్లి పిలిచింది దేవమ్మ.

ఆయన పలుకలే. చీపురు పట్టుకొని అట్లనే నిలబడ్డడు, ఇంకోసారి పిలుస్తదని.