పగటి నిద్రకు కాపలా

రాత్రి డ్యూటీలు మొదలైన రెండో వారానికే ఆ నర్సుకు ఒక సంగతి తెలిసివచ్చింది. రాత్రంతా మేలుకోవడం పెద్ద కష్టం కాదు. వార్డు నిండా రోగులుంటారు, ఒకరి సెలైన్ అయిపోతుంది, ఇంకొకరికి దాహమేస్తుంది, నిద్ర దరిదాపులకు రావడానికే జంకుతుంది. అసలు కష్టమంతా పగలు నిద్రపోవడంలో ఉంది.

ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. కిటికీలకు ముదురు రంగు దుప్పట్లు కట్టింది. చెవుల్లో దూది కుక్కుకుంది. ఫోను నోరు నొక్కి బీరువాలో బట్టల అడుగున పెట్టింది. ఇన్ని చేసినా ఒక్కదాని ముందు ఏదీ నిలవలేదు. అది అత్తగారి గొంతు.

అత్తగారు వెన్నలాంటి మనిషి. గొంతు మాత్రం నగారా. ఆవిడ పడవ నడిపేవాడి కూతురు. చిన్నప్పుడు ఏటి ఇవతలి ఒడ్డున నిలబడి అవతలి ఒడ్డున ఉన్న తండ్రిని అన్నానికి పిలిచేదట. ఏరు దాటి అరవై ఏళ్ళవుతున్నా ఆవిడ గొంతు మాత్రం ఇంకా అవతలి ఒడ్డుకే వినిపిస్తూ ఉండేది. ఊళ్ళో మరో మూల ఉన్న తన ఆడపడుచుతో ఆవిడ ఫోనులో మాట్లాడుతుంటే, అసలు ఫోను ఎందుకా అని నర్సుకు చాలాసార్లు అనిపించింది.

నిద్ర చాలక నర్సు తీరే మారిపోయింది. ఒకరోజు టీలో పంచదారకు బదులు ఉప్పు వేసింది. ఆదివారం పూట కూతురికి బడి బట్టలు తొడిగి, జడలు కూడా వేసింది. ఒక సాయంత్రం భర్త పక్కన కూర్చుని ఆమె చెయ్యి అందుకుంటే, గోడ గడియారం వైపు చూస్తూ అతని నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ప్రేమగా చెయ్యి పట్టుకుంటే నాడి చూస్తావేంటి?" అన్నాడతను.

"కాస్త వేగంగా కొట్టుకుంటోందండీ."

"కొట్టుకోదా మరి!"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. కానీ ఆ వారంలోనే నవ్వులాటకు రాని పనొకటి జరిగింది. డ్యూటీ దిగి బస్సెక్కిన నర్సు కిటికీకి తల ఆనించి అలాగే నిద్రపోయింది. బస్సు చివరి స్టాపుకు వెళ్ళింది, తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. యూనిఫాం చూసి జాలిపడ్డ కండక్టరు లేపడానికి మనసొప్పక ఊరుకున్నాడు. ఆమె ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కడికెళ్ళావే తల్లీ! ఫోను ఎత్తవేం! పై ప్రాణాలు పైనే పోయాయి నాకు!"

బస్సులో నిద్రపోయిన సంగతి విని ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఇంత నిద్ర మొహంతో ఊరేగుతున్నావా? నేనేమో గుడ్డిదాన్లా తిరుగుతున్నాను. రేపట్నించి చూడు, నీ నిద్ర చెడగొట్టేవాడు ఎవడో నేనూ చూస్తాను!"

అన్నంత పనీ చేసింది. మర్నాటినుంచి కోడలు పడకగది తలుపు వేసుకోగానే, వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. పార్సిల్ తెచ్చినవాడు గంట మీద వేలు పెట్టబోతే ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కునేలా అరిచింది. "గంట కొట్టకు! మా కోడలు పడుకుంది!" కూరగాయల బండివాణ్ణి వీధి మొగలోనే నిలబెట్టేసింది. "అరవకయ్యా! రాత్రంతా పనిచేసొచ్చింది పిల్ల!" ఎదురింటాయన గోడకు మేకు కొడుతుంటే ఇక్కణ్ణుంచే ఆపించింది. మేకు చప్పుడు నర్సుకు వినిపించలేదు. దాన్ని ఆపమన్న మాట మాత్రం దూదిని చీల్చుకుని వచ్చి చెవిలో పడింది.

రోగం కంటే మందు ఘాటుగా ఉందని ఆమెకు అర్థమైంది. కానీ ఎలా చెప్పడం? సాయంత్రం లేవగానే ఆవిడ పసిపిల్లలా ఎదురొచ్చి, "బాగా నిద్రపట్టిందా అమ్మాయ్?" అని అడుగుతుంటే, లేదనడానికి నోరు రావడం లేదు.

"మీరే చెప్పండి. మీ అమ్మగారు కదా," అంది భర్తతో.

"నేనా? నువ్వు నర్సువి. చెడ్డ కబుర్లు మెల్లగా చెప్పడం మీకు నేర్పిస్తారు కదా," అని తప్పించుకున్నాడతను. కాసేపు ఆలోచించి తనే ఒక ఉపాయం చెప్పాడు. "అమ్మకు చెవుడు వస్తోందేమో. మిషను పెడితే తన గొంతు తనకు వినబడి తగ్గిస్తుంది."

అది నర్సుకూ నచ్చింది. ఒకరోజు డ్యూటీ దిగాక ఇంటికి రాకుండా, అత్తగారినే ఆసుపత్రికి రప్పించింది. చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి కాగితం చేతిలో పెట్టాడు.

"పెద్దమ్మా, మీ చెవులు చీమ చిటుక్కుమన్నా వినేలా ఉన్నాయి. నాకే లేవు ఇలాంటివి."

"నేను ముందే చెప్పాను బాబూ! వీళ్ళే వినలేదు!" అంది ఆవిడ. డాక్టరు తన చెవి రుద్దుకున్నాడు.

ఉపాయం పారలేదు. నర్సు ఉసూరుమంటూ, రక్తపోటు మాత్రలు కూడా ఇప్పిద్దామని అత్తగారిని మందుల హాలులో కూర్చోబెట్టి, తను చీటీ రాయించడానికి వెళ్ళింది. ఆ హాలు ఆ రోజు తేనెతుట్టెలా ఉంది. రెండు రోజులుగా మైకు మూగబోయింది. పేర్లు పిలిచే అటెండరు గొంతు బొంగురుపోయి, పిల్లి కూన కీచుమన్నట్టు ఉంది. ఎవరి పేరు పిలుస్తున్నాడో తెలియక జనమంతా కిటికీ మీద పడుతున్నారు. ఒక ముసలాయన తన పేరు ఎప్పుడో దాటిపోయిందని తెలియక గోడకు జారగిలబడి ఉన్నాడు.

అత్తగారు కాసేపు చూసింది. ఇక ఉండబట్టలేకపోయింది. లేచి వెళ్ళి అటెండరు పక్కన నిలబడింది.

"నువ్వు నా చెవిలో చెప్పు నాయనా. నేను పిలుస్తాను."

చీటీ చేత్తో పట్టుకుని నర్సు తిరిగి వస్తుంటే మెట్ల మీదే వినబడింది ఆ గొంతు. ఎవరితో పోట్లాట పెట్టుకుందో అనుకుంది. పరుగున వచ్చి చూసేసరికి హాలులో అందరూ బెంచీల మీద బుద్ధిగా కూర్చుని ఉన్నారు. అత్తగారు మధ్యలో నిలబడి పేర్లు పిలుస్తూ, లేచినవాళ్ళకు వరసలు కలుపుతోంది.

"నీలం చొక్కా తమ్ముడూ, నీదే! తోసుకోకండర్రా, మందులు ఎక్కడికీ పారిపోవు! పెద్దాయనా, మీరు లేవకండి, మీకు నేనే తెచ్చిస్తాను!"

హెడ్ నర్సమ్మ అప్పటికే గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఎవరావిడ?" అంది.

"మా అత్తగారండీ. క్షమించండి, ఇప్పుడే తీసుకెళ్ళిపోతాను..."

"తీసుకెళ్తే నేనూరుకోను. రేపు పొద్దున్నే మళ్ళీ రమ్మను."

అలా మొదలైంది. మొదట మైకు బాగయ్యేదాకా అన్నారు. మైకు బాగయ్యాక, ఆ గరగర మాకొద్దు, పెద్దమ్మే కావాలని రోగులు పట్టుబట్టారు. అత్తగారికి ఒక బ్యాడ్జీ, ఒక కుర్చీ ఇచ్చారు. కుర్చీలో ఆవిడ కూర్చున్నది ఎవరూ చూడలేదు.

పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర అత్తాకోడళ్ళు ఎదురుపడేవారు, ఒకరు లోపలికి, ఒకరు బయటికి. "చారు కాచాను. తినేసి పడుకో. దారిలో నిద్రపోకు!" అని అత్తగారు చెబుతుంటే, రోడ్డు అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తమకేనేమోనని తలాడించేవారు.

మొదటి రోజు నర్సు ఇంటికొచ్చి పక్క మీద వాలితే, ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నిద్ర పట్టలేదు. చెవుల్లో దూది తీసి, మళ్ళీ పెట్టుకుని, అటూ ఇటూ దొర్లింది. ఈపాటికి ఆవిడ ఏం చేస్తూ ఉంటుందో, గొంతు నొప్పెడుతుందేమో, ఎవరైనా మంచినీళ్ళు ఇచ్చారో లేదో అనుకుంటూనే ఎప్పుడో కన్నుమూసింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కూతురు బడినుంచి వచ్చి మంచం పక్కన నిలబడి, తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది.

"ఏంటే?"

"ఊపిరి ఆడుతోందా లేదా అని. ఎంత లేపినా లేవలేదు మరి!"

నర్సు దాన్ని దుప్పట్లోకి లాక్కుని ముద్దుపెట్టుకుంది. ఎన్నాళ్ళకో ఒళ్ళు దూదిపింజలా ఉంది.

రాత్రి డ్యూటీల వంతు అయిపోయి, పగటి డ్యూటీ వచ్చిన మొదటి రోజు ఆమె పై అంతస్తు వార్డులో ఒకామెకు సూది మందు ఇస్తోంది. కిందినుంచి గొంతు ఖంగుమని వచ్చింది. "గళ్ళ చీర అక్కయ్యా, మాత్రలు అన్నం తిన్నాకే! గుర్తుంచుకో!"

మంచం మీది ఆమె ఉలిక్కిపడి, "అబ్బ, ఎవరండీ సిస్టర్, ఆ గొంతు?" అంది.

"మా అత్తగారు," అంది నర్సు, గొంతు కాస్త పెంచి.