జాజుగాడి మూడొద్దులు

గుర్వమ్మ మొండిదని ఊరంతా అంటుంది గానీ, పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె తనకోసమని ఒక్కటి అడిగి ఎరగదు. అడిగినవన్నీ వేరేవాళ్ల పేరు మీదే. జాతరకు పోవాలనిపిస్తే బీరప్ప కలలోకి వచ్చి పిలిచాడనేది. మాంసం కూర మీద మనసైతే పిల్లల మొహాలు వాడిపోయాయనేది. ఎల్లేశానికి పెళ్లాం సంగతి తెలుసు. తెలిసీ, దేవుడితో మనకెందుకులే అని తలూపేవాడు.

ఇప్పుడు వాళ్ల జాజుగాడు పోయాడు. కుక్క చచ్చిపోయింది అంటే గుర్వమ్మ ఊరుకోదు, పోయాడనే అనాలి. తెలంగాణ వచ్చిన ఏడు పుట్టాడు, గోడకు పూసే జాజు రంగు. పదకొండేళ్లు గొర్రెల మందను కాశాడు. శ్రీశైలం రోడ్డు దాటేటప్పుడు లారీకి ఎదురుగా నిలబడి, చివరి పిల్ల దాటేదాకా కదిలేవాడు కాదు. డ్రైవర్లు హారన్ కొట్టీ కొట్టీ నవ్వుకునేవాళ్లు. ఈనిన గొర్రె వెనకబడితే దాని పక్కనే కూర్చుని, గుర్వమ్మ వచ్చి పిల్లను ఎత్తుకున్నాకే లేచేవాడు. ఆ పొద్దున మాత్రం దొడ్డి ముందర పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. కన్నతల్లి పోయినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదు. ఆ మాట సిగ్గుపడకుండా ఆమే చెప్పింది.

చెలకలో గొయ్యి తీసి మట్టి కప్పిన చేతులు కడుక్కోకముందే ఎల్లేశం అన్నాడు. "ఇగ మందను అమ్మేద్దామే. నాకు మోకాళ్లు లేస్తలేవు. సగం పని వాడే చేస్తుండె. అరవై గొర్లను మనిద్దరం ఏడ ఆపుతం?"

అని ఊరుకోలేదు, కల్వకుర్తి బేరగాడికి ఫోన్ కూడా చేశాడు. మూడో రోజు సాయంత్రం వస్తానన్నాడు బేరగాడు.

మంద పోతే గుర్వమ్మకు ఇంకేం మిగులుతుంది? పుట్టిందీ పెరిగిందీ గొర్ల మధ్యనే. అయినా వద్దని నోరు తెరిచి అనలేదు. "జాజుగానికి మూడొద్దులు చెయ్యాలె. పిట్టకు పెట్టాలె" అంది.

"కుక్కకా?"

"ఇంట్ల మనిషి కాదా వాడు?"

పోయినవాళ్లకు ఇష్టమైనవి మూడోనాడు ఆకులో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందన్నట్టు. అదేదో పట్టుకుని తీరుస్తామని మాటివ్వాలి. ఇచ్చాక తప్పడానికి లేదు. గుర్వమ్మ మామకైతే పొద్దు నడినెత్తికొచ్చినా పిట్ట రాలేదు, చుట్టల డబ్బా తెచ్చి పెడితేనే ముట్టింది. గుర్వమ్మ ఎత్తు అక్కడే ఉంది. కాకి ఎలాగూ సతాయిస్తుంది. అప్పుడు "వీని పానమంత మంద మీదనే ఉన్నది, అమ్మమని మాటియ్యి" అంటే ఎల్లేశం కాదనగలడా?

మూడోనాడు పొద్దున్నే పాలలో నానేసిన జొన్నరొట్టె, మాంసం బొక్కలు ఆకులో పెట్టింది. తోడికోడలు బీరమ్మ "ఊరు నవ్వుతాంది చెల్లే" అంటూనే ఉడకబెట్టిన గుడ్డు తెచ్చింది. వాడు ఆమె కోళ్లగూటిలో దొంగిలించినన్ని గుడ్లు ఇంకెవరూ దొంగిలించలేదు మరి.

ముగ్గురూ నాలుగడుగులు వెనక్కి వేశారో లేదో, రెక్కల చప్పుడైంది. కాకి! తిన్నగా గుడ్డు మీదే వాలింది. దాని వెనకే మరో రెండు.

"సూశినవా!" ఎల్లేశం తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఏ కోరిక లేకుంట పోయిండు. మారాజు."

గుర్వమ్మ అనుకున్న మాటకు చోటే లేకపోయింది. ఓరి తిండిపోతోడా, జరసేపు ఆగితే నీ సొమ్మేం పోయేదిరా అని కోపమొచ్చింది. ఆ వెంటే ఏడుపొచ్చింది. నిజమే, వాడికేం తక్కువ? తనకు నచ్చిన పని చివరి సాయంత్రం దాకా చేశాడు. ఒకరి పేరు చెప్పుకుని చేయలేదు.

చూస్తుండగానే ఆకు ఖాళీ అయింది. ఇంక అడ్డం పెట్టుకోవడానికి దేవుడూ లేడు, కుక్కా లేదు.

"వానికి ఏ కోరిక లేదు" అంది. "నాకున్నది."

"ఏంది?"

"నాకు మంద కావాలె. బీరప్ప అడుగుతలేడు, పిల్లలు అడుగుతలేరు. నేనే అడుగుతున్న. వాడు చేసిన సగం నేను చేస్త. నీకు చాతకాని నాడు నువ్వు ఇంటికాడ ఉండు. మందను మాత్రం అమ్మనియ్య."

బీరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎల్లేశం పెళ్లాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"అన్నా, నేను ఎల్లేశాన్ని. సాయంత్రం రాకు" అన్నాడు బేరగాడితో. అవతల ఎందుకని అడిగినట్టున్నాడు. ఎల్లేశం గుర్వమ్మ వైపు చూసి చెప్పాడు.

"ఎందుకేంది? మా గుర్వమ్మకు కావాల్నంట."