బరిలోకి దిగని తొమ్మిదో నంబరు

నేను ఒక కబడ్డీ జెర్సీని. నీలం రంగు, ఎర్ర అంచు, వీపున తొమ్మిదో నంబరు, ఛాతీ మీద 'గౌతమీ బ్రదర్స్' అని జట్టు పేరు. ఇప్పుడు నన్ను చూస్తే ఆ అక్షరాలు కూడబలుక్కుని చదవాలి. ఒకప్పుడు మాత్రం నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతి పెద్దమనిషీ ముందుగా ముక్కు దగ్గర పెట్టుకునేవాడు, చెమట వాసన కోసం. మనిషి బతికుండగా పక్కన కూర్చుంటే మొహం తిప్పుకునే వాసనకి, ఆ మనిషి పోయాక ఇంత గిరాకీ ఎందుకో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

నేను పుట్టింది కాకినాడలో ఒక దర్జీ దుకాణంలో. ఫైనల్ కోసమని ఆటగాడికి రెండేసి జెర్సీలు కుట్టారు. ఒకటి ఆడడానికి, ఒకటి చిరిగితే మార్చుకోవడానికి. తొమ్మిదో నంబరు మట్టపర్తి సింహాద్రిది. కూతకు వెళ్ళాడంటే ఎవరినో ఒకరిని ముట్టుకోకుండా తిరిగొచ్చేవాడు కాదని గోదావరి జిల్లాల్లో పేరు. ఆ సింహాద్రి నన్నూ, నా కవల అన్ననూ ఫైనల్ ముందురోజు పొట్లం విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్ళి భార్య సత్యవేణి చేతికిచ్చాడు.

కొత్త బట్టకి ఓ మూల పసుపు పెట్టి తొడుక్కోవడం మన ఇళ్ళల్లో ఉన్నదే. నేనూ ఆ బొట్టు కోసమే ఎదురుచూశాను. ఆవిడ పసుపు డబ్బా జోలికే పోలేదు. మా ఇద్దరినీ బక్కెట్లో ఉత్త నీళ్ళల్లో ముంచి, గట్టిగా పిండి, తీగ మీద ఆరేసింది. ఒక్క మాట లేదు. గుమ్మంలో నిలబడ్డ సింహాద్రి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు కాబోలు అనుకున్నాను. అప్పుడు నా తెలివి అంతే.

ఫైనల్లో అన్న బరిలోకి దిగాడు, నేను సంచిలో ఉండిపోయాను. చివరి కూతలో ఎదుటి జట్టువాళ్ళు సింహాద్రి ఎడమ భుజం పట్టి లాగితే అన్న చిరిగిపోయాడట. అయినా సింహాద్రి చెయ్యి గీతను అందుకుంది. జనం అతన్ని ఎత్తుకుని ఊరేగించారు. ఆ గందరగోళంలో అన్నను ఎవరు ఒలిచేసుకుపోయారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మరుసటి ఏడు సింహాద్రి సైకిలు మీద వస్తుంటే లారీ గుద్దింది. అతనితోపాటే జట్టూ చెదిరిపోయింది. జట్టు సామాను గదిలో ఏళ్ళ తరబడి మూటకట్టి పడున్న మిగతా జెర్సీలనూ నన్నూ ప్రభాకర్ అనే వ్యాపారి తీసుకెళ్ళాడు.

ఈ ప్రభాకర్‌కి ఆట సామాన్ల దుకాణం ఉంది. దాని వెనకాల ఇంకో వ్యాపారం ఉంది. పేరున్న ఆటగాళ్ళు పోటీల్లో తొడుక్కున్న బట్టలు దాచుకునే పిచ్చి కొందరికి ఉంటుంది. అతను వాళ్ళకి సరుకు అందిస్తాడు. మూటలో నా తొమ్మిదో నంబరు కనపడగానే అతని మొహం వెలిగిపోయింది. ఇది సింహాద్రి కోసం కుట్టిన రెండో జెర్సీ అని ఉన్నమాట చెప్పినా నాకు ఎంతో కొంత మర్యాద దక్కేది. నిజానికి నేను సింహాద్రిదాన్నే కదా! ప్రభాకర్‌కి అది చాలలేదు. ఫైనల్ నాటి పేపర్ ఫొటో ముందు పెట్టుకుని, అందులో ఎంత చిరుగు ఉందో అంతే నా ఎడమ భుజం చింపాడు. ఒక వస్తాదుకి నన్ను తొడిగి, చెమట కారేదాకా గుంజీలు తీయించి, లంక మట్టిలో దొర్లించాడు. ఆ వస్తాదు వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది, ముక్కు లేకపోయినా.

అన్నీ అయ్యాక ప్రభాకర్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. నా కింది అంచు మడతలో చిటికెడు పసుపు రాసి, ఒకసారి ఉతికి, వెలిసినట్టు చేశాడు. "దొంగ సరుకు చేసేవాడెవడికీ ఈ ఆలోచన రాదు" అని తన భుజం తనే తట్టుకున్నాడు. నాకెందుకో ఆ పసుపు ఒంటికి పడలేదు.

అలా తయారైన నన్ను మండపేటలో కొప్పిశెట్టి వీర్రాఘవులుగారి దగ్గరికి తెచ్చాడు. ఆయన ఒకప్పటి రిఫరీ. ఆయన ఈల వేస్తే ఎదురు చెప్పినవాడు లేడు. ఇంట్లో ఒక గది నిండా గాజు పెట్టెలు, వాటిలో మా జాతివాళ్ళు, కొందరు ప్రభాకర్ తెచ్చినవాళ్ళే. ఆ గదిలో ఉన్నదంతా నిజమేనని జిల్లా అంతా నమ్మకం. దానికి కారణం ఆయన పెట్టుకున్న ఒక నియమం. ఆ ఆటగాడు కానీ, అతని ఇంటివాళ్ళు కానీ చేత్తో ముట్టుకుని 'మాదే' అంటే తప్ప దేన్నీ పెట్టెలో పెట్టేవారు కాదు.

మర్నాడు పొద్దున్న సింహాద్రి పేరు మీద పోటీలు మొదలుకావాలి. ప్రారంభంలో నన్ను మైదానంలో గాజు పెట్టెలో నిలబెడతానని రాఘవులుగారు ఊరందరికీ మాటిచ్చేశారు. కప్పూ, పందిళ్ళూ, భోజనాలూ ప్రభాకర్ తన ఖర్చుతో పెడుతున్నాడు. పోటీలు ఏటా జరిగేలా చూస్తానని కూడా అన్నాడు.

రాఘవులుగారు భూతద్దం తీశారు. నా భుజం చిరుగునీ ఫొటోనీ పక్కపక్కన పెట్టి దారం దారం చూశారు. నన్ను తిప్పినప్పుడల్లా ప్రభాకర్ ఇంకాస్త ముందుకు వంగుతున్నాడు. పట్టుకోండి, పట్టుకోండి అని లోపల్లోపల అరిచాను. నన్ను అబద్ధంలోంచి బయటికి లాగే చెయ్యి ఇదే అనుకున్నాను. ఆయన అంచు మడత విప్పారు. పసుపు చూశారు. భూతద్దం కింద పెట్టేశారు.

"ఆయ్! ఇది ఇంటి ఆడకూతురు చెయ్యి, ప్రభాకర్! ఇంకేం చూడక్కర్లేదు" అన్నారు.

అంత చూసిన కన్ను, తన ఇంటి అలవాటు కనపడగానే చూడటం మానేసింది. మనుషులు ఎక్కడ మోసపోతారో ఆ రోజు నాకు బోధపడింది.

సాయంత్రం సత్యవేణి వచ్చింది. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోందట. గుమ్మం దగ్గర చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని మరీ నన్ను అందుకుంది. ఆ చేతులు నాకు తెలుసు. ఆవిడ నన్ను చెంపకి ఆనించుకుంది. నాకు భయమేసింది. ఈవిడ నమ్మేస్తే, ఎవరో వస్తాదు చెమటని మొగుడి చెమట అనుకుని జన్మంతా తలుచుకుంటుంది.

"మీరు పెట్టిన పసుపు కూడా అలాగే ఉందమ్మా, చూడండి" అన్నారు రాఘవులుగారు మురిసిపోతూ, నా అంచు మడత విప్పి.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"పసుపా? నేను పెట్టలేదండి."

"మర్చిపోయి ఉంటారు వదినగారూ, ఎన్నేళ్ళయింది!" అన్నాడు ప్రభాకర్, నవ్వు పులుముకుని.

"మర్చిపోయేదా అండీ అది? మా అత్తగారు పోయి అప్పటికి దినం కాలేదు. మైలలో పసుపు పెడతామా? కొత్త బట్ట కట్టకూడదని నేనే నీళ్ళల్లో ముంచి ఆరేసి ఇచ్చాను. కర్మ మా బావగారు చేస్తున్నారు. తెలిస్తే ఆడనివ్వరని ఈయన జట్టులో ఎవరికీ చెప్పలేదు. 'మీ ఇంట్లో అంతా కులాసాయేనా' అని వాళ్ళడిగితే కులాసాయే అన్నాడంట. తల్లి పోయిందని చెప్పకుండా ఆడానే అని, పోయేదాకా ఏడ్చాడండి."

రాఘవులుగారు కుర్చీలో కూలబడ్డారు. ప్రభాకర్ గొంతు తగ్గించి ఆవిడ దగ్గరికి జరిగాడు.

"వదినగారూ, ఒక్క మాట. మీరు మాదే అంటే సింహాద్రి పేరు ఏటా మైకులో మోగుతుంది. కాదంటే రేపు కప్పూ లేదు, పందిరీ లేదు. నేను తప్పుకుంటాను. ఆయన్ని అందరూ మర్చిపోతారు. ఆలోచించుకోండి."

సత్యవేణి నన్ను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఆవిడ బొటనవేలు నా తొమ్మిదో నంబరు మీద అటూ ఇటూ తిరిగింది. మొగుడి పేరు నిలవాలని ఆవిడకి ఎంత ఆశ ఉందో ఆ వేలే చెప్పింది. నేను నీ బక్కెట్లో మునిగిన రెండోదాన్నే తల్లీ, నేను మీ ఇంటిదాన్నే అని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. గుడ్డకి నోరెక్కడిది? ఉన్నా, అంత మట్టి పూసుకుని వచ్చినదాని మాట ఎవరు నమ్ముతారు?

"ఆడిన ఒక్క అబద్ధానికే అంత ఏడ్చిన మనిషండి. ఇప్పుడు ఇంకో అబద్ధం ఆయన ఒంటికి తొడగలేను. ఇది మాది కాదు."

నన్ను బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ప్రభాకర్ కూడా అన్న మాట ప్రకారం తప్పుకున్నాడు. మాట తప్పనివాడు అనిపించుకోవడానికి అతనికి అదొక్కటే అవకాశం దొరికింది.

మర్నాడు మైదానంలో గాజు పెట్టె ఖాళీగానే నిలబడింది. రాఘవులుగారు మైకు పట్టుకుని జరిగిందంతా చెప్పారు. ప్రభాకర్ దగ్గర తను తీసుకున్నవన్నీ గదిలోంచి తీసేస్తున్నానన్నారు. "ఫౌలు నాది. నా కన్నుని నేనే అతిగా నమ్ముకున్నాను" అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు నవ్వారు. కుర్రాళ్ళు మాత్రం కప్పు లేకపోయినా మట్టిలో దిగి ఆడారు. మరుసటి ఏడూ ఆడారు.

నన్ను ఎవరూ పారేయలేదు. ఆ మైదానం పక్కన సామాను గదిలో తుడుపుగుడ్డను చేశారు. కూలిపని కాబట్టి గౌరవం లేకపోయినా మోసం లేదు. ఎండకి ఆరేసి ఆరేసి ఆ దొంగ పసుపు వెలిసిపోయింది. వస్తాదు వాసనా వదిలింది.

ఈ ఏడు పోటీలకి సత్యవేణి కాస్త ముందే వచ్చింది. సామాను గది గోడకున్న సింహాద్రి ఫొటో మీద దుమ్ము చూసి గుడ్డ కోసం వెతికింది. మూల పడున్న నన్ను తీసింది. గుర్తుపట్టలేదు. బక్కెట్లో ఉత్త నీళ్ళల్లో ముంచింది. గట్టిగా పిండింది, అచ్చం ఆ రోజు పిండినట్టే. తర్వాత నాతో అతని మొహం తుడిచింది. ఇన్నేళ్ళకి మొదటిసారి నేను సింహాద్రిని తాకాను.