మేం ఆమీన్ అనలేదు

మా మామగారితో ఒకటే బాధ. కనపడిన ప్రతిదాన్నీ దీవిస్తారు. పక్కింటివాళ్లు పాత కారు కొన్నా, ఎదురింటి ఆవు ఈనినా, రెండు చేతులూ చాచి, కళ్లు మూసుకుని గొంతు సవరించుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లు చేస్తున్న పని వదిలేసి చేతులు చాచాలి. ఆఖర్న ఆమీన్ అని అరచేతులు మొహానికి రాసుకోవాలి. ఓసారి నేను కొన్న ప్రెషర్ కుక్కర్‌ని దీవించారు. నెల తిరక్కుండా అది పేలింది. కోడల్ని కాబట్టి ఆ మాట ఇంతవరకూ ఎత్తలేదు.

కుక్కర్‌తో ఆగినా బాగుండేది.

మాది తాష్కెంట్ శివార్లలో, చిర్చిక్ నది ఒడ్డు పేట. అరవై ఆరులో పెద్ద భూకంపం వచ్చిన ఏడాది, పాత ఊళ్లో ఇళ్లు కూలినవాళ్లని ఇక్కడికి తోలారు. అప్పుడిది రెల్లు, దోమలు, మోకాలి లోతు బురద. సర్కారు చూపించింది అంతే. మిగతాది జనం చేశారు. ఎవరింటి గోడ లేవాలన్నా పేటంతా వచ్చి చెయ్యి వేసేది. కూలి లేదు, పలావు పెడితే చాలు. నదిలో గుండ్రాళ్లు ఏరి బురద పూడ్చారు. ఇనోబత్ పిన్ని కొత్త పెళ్లికూతురిగా వచ్చి, పెళ్లి గౌను ఒడిలోనే రాళ్లు మోసిందట. మా మామగారు అప్పటికి మీసం రాని కుర్రాడు. అందుకే ఈ పేటలో ఏ గోడ ఎవరు కట్టారని అడిగినా ఒక్కడి పేరు చెప్పలేం. అలాగని దేవతలమేం కాదు. కాలవ నీళ్ల కోసం జుట్లు పట్టుకుంటాం. పలావులో ఉప్పెక్కువైతే ఏడాదంతా చెప్పుకుంటాం.

పోయిన వేసవిలో జఫర్‌బెక్ అనే కాంట్రాక్టరు పేటకి పలావు పెట్టాడు. పొద్దుటి పలావు మా దగ్గర మగవాళ్లది. ముందురోజు కారెట్లు తరిగివ్వడం ఆడవాళ్ల వంతు. తిండి అయ్యాక అతను మా మామగారి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తాతా, నది ఒడ్డు బాగుచేయిద్దామనుకుంటున్నా. మీ నోటి దీవెన కావాలి."

ఇంకేముంది. ఆయన చేతులు చాచారు. పేట మగాళ్లంతా ఆమీన్ అన్నారు. జఫర్‌బెక్ మనిషి దాన్ని ఫోన్‌లో తీసుకున్నాడు.

బాగుచేయడమంటే పేట లేపేసి మేడలు కట్టడమని ఆకురాలే కాలంలో తెలిసింది.

మొదట కూలిన గోడ ఇనోబత్ పిన్నిది. మొగుడు పోయి ఒంటరిగా ఉంటోంది. బుల్డోజర్ వచ్చేసరికి తందూరులో రొట్టెలు అతికించి ఉన్నాయి.

"రొట్టెలు తీసుకోనీ నాయనా, మాడిపోతాయి," అంది.

బుల్డోజర్ ఆగలేదు. గోడ విరిగి తందూరు మీద పడింది. రొట్టె ముక్క కింద పడితే కళ్లకద్దుకునే మనుషులం. ఆ రోజు మట్టిలోంచి రొట్టెలు ఏరుకున్నాం.

సాయంత్రం టీ కొట్టు దగ్గర మగవాళ్లు కూడారు. "రేపు నా ఇల్లు, ఎల్లుండి నీ ఇల్లు. ఇలా కూర్చుని టీ తాగుదామా?" అని వెల్డరు తుర్సున్‌పులాత్ లేచాడు.

"లేచి ఏం చేస్తావురా? ఆమీన్ అన్నాం కదా అందరం," అన్నాడొకాయన.

అందరూ మా మామగారి వైపు చూశారు. "దీవెన వెనక్కి తీసుకుంటే ఉమ్మిన ఉమ్ము నాకినట్టే," అన్నారాయన. "నా వల్ల కాదు."

నేను టీ కూజా తీసుకెళ్లి అక్కడే నిలబడ్డాను.

"మామయ్యా, ఆ పలావుకి మమ్మల్ని పిలిచారా?"

"ఆడవాళ్లనెందుకు పిలుస్తారమ్మా?"

"అయితే మేం ఆమీన్ అనలేదు."

"కారెట్లు తరిగాం, అంతే," అంది నా వెనక నుంచి వెల్డరు పెళ్లాం మస్తూర. "కారెట్లు తరిగితే ఇల్లు రాసిచ్చినట్టా?"

మర్నాటి నుంచి ఇనోబత్ పిన్ని గుమ్మం ముందు పరుపులు పరుచుకుని కూర్చున్నాం. పిండి అక్కడే కలిపాం, పిల్లలకి పాలు అక్కడే పట్టాం. బుల్డోజర్ వచ్చి, మమ్మల్ని చూసి, వెనక్కి పోయేది. మగవాళ్లు దూరంగా నిలబడి బూట్ల వైపు చూసుకునేవాళ్లు. "కాస్త టీ అయినా కాచి తెండి, అది కూడా పాపమేనా?" అని మస్తూర ఎత్తిపొడిచేది. కొందరు తెచ్చారు. మా మామగారు రాలేదు.

ఆఖరికి పోలీసులొచ్చారు. జుట్టు దొరికినవాళ్లని జుట్టు పట్టి, చెయ్యి దొరికినవాళ్లని చెయ్యి పట్టి వ్యానులోకి లాగారు. ఇనోబత్ పిన్ని లేవలేదు. పరుపుతో సహా ఎత్తుకెళ్లారు. పొద్దుగూకాక వదిలారు. వానలో తడిసి, వణుకుతూ వచ్చింది. తన ఇంట్లో మిగిలిన ఒక్క గదిలోనే పడుకుంటానంది. ఆ వారం దాటలేదు.

మా దగ్గర శ్మశానానికి మగవాళ్లే వెళతారు. ఆడవాళ్లు గుమ్మాల్లో ఆగిపోతారు. ఆ సమయంలో సందు ఖాళీగా ఉంటుందని జఫర్‌బెక్‌కి తెలుసు. శవాన్ని ఉంచిన జనాజా ఎత్తి మగవాళ్లు బయల్దేరేసరికి సందు మొగలో బుల్డోజర్, దాని పక్కన అతనూ కనబడ్డారు.

ఎదురొచ్చిన జనాజాకి ఎవరైనా భుజం పట్టాల్సిందే. బుల్డోజర్ డ్రైవరు మా జనాజాని చూశాడు, యజమానిని చూశాడు. ఇంజను ఆపి, దిగి వచ్చి, తలవంచి భుజం పట్టాడు.

"ఎక్కరా బండి," అన్నాడు జఫర్‌బెక్. డ్రైవరు తల తిప్పలేదు. జఫర్‌బెక్ మా మామగారి వైపు తిరిగాడు. "తాతా, దారి ఇప్పించండి. ఈ పనిని దీవించింది మీరే కదా. ఫోన్‌లో ఉంది, చూపించమంటారా?"

"అక్కర్లేదు. గుర్తుంది."

మామగారు జనాజాని అక్కడే, బుల్డోజర్ ముందే దింపమన్నారు. పోయినవాళ్ల గురించి మసీదు దగ్గర అడగాల్సిన మాట ఆ సందులోనే అడిగారు.

"ఈమె ఎలాంటి మనిషి?"

"మంచి మనిషి," అన్నారు మగవాళ్లు.

ఆడవాళ్లు జవాబు చెప్పే ఆనవాయితీ లేదు. గుమ్మాల్లోంచి మేమూ అన్నాం. ఎవరూ వద్దనలేదు. జనం బుల్డోజర్ చుట్టూ దగ్గరికి జరిగారు. మొదట కదిలినవాడు తుర్సున్‌పులాత్. ఆ తర్వాత ఎవరు ముందో, ఎవరు వెనకో తెలియలేదు.

మామగారు మా వైపు, ఆడవాళ్ల వైపు తిరిగారు. ఆయన గొంతు సందు చివరిదాకా వినబడింది.

"ఈ ఒడ్డు నా ఒక్కడిదే అన్నట్టు దీవించాను. రాళ్లు మోసినదాన్ని ఒక్క మాట అడగలేదు. తెలిశాక కూడా పరువు కోసం నోరు మూసుకున్నాను. తప్పు చేశాను. నాదే తప్పు."