బ్రెడిఖిన్‌కు రెండు పుట్టినరోజులు

సాత్వికకు ఈ వేసవికి ప్రొఫెసర్ గారి దగ్గర అసిస్టెంట్ పని దొరికి తీరాలి. దొరక్కపోతే మళ్లీ గోదాములో అట్టపెట్టెలకు టేపు అంటించడమే గతి. కెనడాలోని ఈ రెజైనా ఊరికి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో వేసవంతా అదే చేసింది. ఆ టేపు చప్పుడు తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. ఉన్నది ఒక్క పోస్టు. పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ ఖగోళ శాస్త్రవేత్తల మీద ఎవరి ప్రెజెంటేషన్ నచ్చితే వాళ్లకే.

ఆమె వంతుకు ఫ్యోదర్ బ్రెడిఖిన్ వచ్చాడు. తోకచుక్కల తోకలు అలా ఎందుకు వంకర తిరుగుతాయో ఏళ్ల తరబడి లెక్కలు కట్టి, వాటిని మూడు రకాలుగా విడగొట్టిన మనిషి. మాస్కో అబ్జర్వేటరీని నడిపాడు, తర్వాత పుల్కొవో అబ్జర్వేటరీకి డైరెక్టరయ్యాడు. అన్నీ చక్కగా కుదిరాయి, పుట్టినరోజు తప్ప. ఒక పుస్తకంలో 1831 నవంబర్ 26, ఇంకోదాంట్లో డిసెంబర్ 8.

"ఒకటి లేపెయ్యి. ఎవడు చూస్తాడు?" అన్నాడు ఆమెతో కలిసి స్లైడ్లు చేస్తున్న లోహిత్. గుంటూరు కుర్రాడు, అన్నిటికీ తొందరే.

"ఎట్ల లేపేస్తం? ఒకటి ఒరిజినల్, ఇంకోటి సర్టిఫికెట్‌ది అయ్యుంటది. నాకు లేవా రెండు? బడిల ఏసేటప్పుడు మా సార్ జూన్ అని రాసిండు. నేను పుట్టింది నవంబర్‌ల. ఆ రోజు ఈడ విష్ చేసేటోడే లేడు."

"అవునే, నాక్కూడా రెండున్నాయి!"

దొందూ దొందే! పన్నెండు రోజులు మార్చి ఏ హెడ్మాస్టరు ఏం బావుకుంటాడని ఒక్కరికైనా తట్టలేదు.

క్లాసులో సాత్విక అదే మాట దర్జాగా చెప్పేసింది. వెనక వరసల్లోని తెలుగు పిల్లలంతా నిజమేనన్నట్టు తలలూపారు. ప్రొఫెసర్ గారు మాత్రం కడుపు పట్టుకుని నవ్వారు. అప్పట్లో రష్యా పాత క్యాలెండర్‌నే పట్టుకు వేలాడిందనీ, ఆ శతాబ్దంలో అది మనం వాడే దానికి పన్నెండు రోజులు వెనకనీ, కాబట్టి రెండు తేదీలూ ఒకే రోజనీ చెప్పారు. సాత్వికకు తల కొట్టేసినట్టయింది. పని చేజారిపోయిందనుకుని కుమిలిపోయింది.

క్లాసయ్యాక ఆయన ఆమెను ఆగమన్నారు.

"చెక్ చేయాల్సింది సర్. మా ఊళ్లో జరిగిందే లోకమంతా జరుగుతదనుకున్నా," అంది తలొంచుకుని.

"తప్పే. మార్కులు కూడా తగ్గించాను," అన్నారాయన. "కానీ ఆరు జట్లకూ రెండేసి తేదీలు దొరికే ఉంటాయి. మిగతా ఐదూ ఒకటి చెరిపేసి వచ్చాయి. నా దగ్గర రష్యన్ల పాత పరిశీలనల నకళ్లు బీరువా నిండా ఉన్నాయి. ప్రతి కాగితం మీదా తేదీల తగాదాయే. క్యాలెండర్ సంగతి నేను నేర్పుకుంటాను. చెరిపేసేవాళ్లతో మాత్రం వేగలేను. సోమవారం వచ్చెయ్."

సాత్విక మెట్లు రెండేసి చొప్పున దిగింది. సంతోషంతో కాళ్లు నేల మీద ఆగలేదు. కింద కాచుకుని ఉన్న లోహిత్ వీపు మీద ఒక్కటిచ్చింది.

"నీ మాట ఇనుంటే నిండా మునుగుదును గదరా!"