బిగిసిన వరస

ముప్పై నాలుగో గుంజ కూడా వంగింది.

ఆమె బొటనవేలు తీసేసింది. గుంజ నిదానంగా, సిగ్గులేకుండా, మళ్లీ నిటారుగా నిలబడింది.

పళ్లెమంత గుండ్రటి ప్లాస్టిక్ చట్రం అది. అంచు చుట్టూ వేలెడేసి గుంజలు ముప్పై ఆరు. ఒక్కో గుంజకీ ఉన్ని దారం చుట్టుకుంటూ పోయి, దానిమీద ఇంకో చుట్టు వేసి, కింది ఉచ్చుని కొక్కెంతో ఎత్తి పైదాని మీదుగా అవతలికి దాటించాలి. అలా వరస మీద వరస పడుతుంటే చట్రం మధ్యలోంచి టోపీ దిగుతుంది. సూదులు పట్టి అల్లలేని చేతులకి ఇదే దారి. గుంజ నిలబడితేనే ఆ దారి.

“పొద్దున్నే నాడి చూస్తున్నావా కొక్కెమ్మా?” గుండీల బల్ల దగ్గర పనిచేసే ఆవిడ అడిగింది.

“నాడి కూడానా! చచ్చి పుట్టినవే ఇవి.”

కొక్కెమ్మ అన్నది దుకాణం పెట్టిన పేరు. మెడలో తాడుకి ఒక ఉక్కు కొక్కెం ఎప్పుడూ వేలాడుతుంటుంది. పిడికి పాత గుడ్డ పేలికలు చుట్టీ చుట్టీ అది వంకాయంత లావైంది. ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల వెనక నిలబడి కాళ్లు వాచాయి. కుడి బొటనవేలి కొస చదునైపోయింది. కొత్త సరుకు వచ్చినరోజు షట్టరు సగం లేచేలోపే ప్రతి గుంజనీ నొక్కి చూడటం ఆమె పని. ఎవరూ చెప్పలేదు. జీతంలో లేదు.

ఫోన్ మోగింది. మొగుడు.

“తాళంచెవి కనపడట్లేదే.”

“తలుపు వెనక మేకుకి.”

“మేకు ఎక్కడా?”

“ముప్పై ఏళ్లుగా ఎక్కడుందో అక్కడే.”

తలుపు ఎక్కడని అడగనందుకు సంతోషించి ఫోన్ పెట్టేసింది.

ఆమెకి కోపం వస్తుందని లోకానికి తెలియదు. అత్తగారు కంచంలోకి తొంగిచూసినప్పుడూ, మొగుడు తలెత్తకుండా పళ్లెం ముందుకి తోసినప్పుడూ, తమ్ముడు ఆమె చదువు ఆపించి ఆ పుస్తకాలతో తను పరీక్ష రాసినప్పుడూ ఆమె నోరు తెరవలేదు. వేళ్లు మాత్రం ఊరుకోలేదు. దుకాణంలో చేరిన మొదటి నెలలో ఓ చట్రానికి వరస చుట్టిపెట్టింది. దుకాణం యజమాని పెద్దసారు దాన్ని అందుకుని కొక్కెం దూర్చబోయారు. దూరలేదు. అన్ని ఉచ్చులూ గుంజల్ని కొరుకుతున్నాయి. ఆయన నవ్వలేదు, తిట్టలేదు.

“ఎవరి మీదమ్మా ఇది?” అని అడిగారు.

అంతే. ఆమెని అలా అడిగిన మనిషి ఆయనొక్కడే. ఆ రోజే ఈ ఉక్కు కొక్కెం ఇచ్చి, రెండు మాటలు చెప్పారు. కోపంలో దారం పట్టుకోవద్దు. మనిషి చెయ్యి చూడకుండా చట్రం అమ్మొద్దు.

ఇప్పుడు ఆయన గోడమీద ఫోటోలో ఉన్నారు. ఆ ఫోటో కింద, చిన్న లైటు వెలుగులో, దుకాణంలో మిగిలిన ఆఖరి చెక్క చట్రం వేలాడుతోంది. మిగతా చెక్క చట్రాలన్నిటినీ కొడుకు ఏదో హోటలు గోడలకి అలంకారంగా పంపించేశాడు.

“పిన్నిగారూ,” అంటాడు ఆ చిన్నసారు, ఎప్పుడూ గారు తగ్గకుండా. “మీరు ఒక్కొక్కళ్ల చెయ్యి పట్టుకుని జాతకం చెబుతూ కూర్చుంటే ఎలా? పెట్టెలో నాలుగు సైజులున్నాయి. ఏ రంగు కావాలో అడగండి. ఇచ్చెయ్యండి.”

తిట్టినా బాగుండును. ఆ తేనెమాటకి ఆమె అరికాళ్లు మండుతాయి.

పదకొండు గంటలకి ఒక ముసలాయన కోడలి భుజం పట్టుకుని వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టి ఉన్నాయి. కోడలు సంచిలోంచి గులాబీరంగు చట్రం తీసి బల్లమీద పెట్టింది. రెండు గుంజలు మొదలంటా విరిగి ఉన్నాయి.

“పోయినవారం నేనొచ్చి ఇక్కడే సారు దగ్గర కొన్నానండీ. మామయ్యకి పక్షవాతం వచ్చి తగ్గింది. వేళ్లకి పని చెప్పమన్నారు డాక్టరు. రెండోరోజే విరిగింది.”

“విరిగిందేంటమ్మా, నేను విరగ్గొట్టాను,” అన్నాడు ముసలాయన. “నలభై ఏళ్లు దర్జీపని చేసిన చెయ్యి. కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించేది. ఇప్పుడు పిల్లల ఆటవస్తువు కూడా దీనికి చేతకావట్లేదు. వద్దులెండి. ఇది తీసేసుకోండి. ఇంక ఏ దారమూ ముట్టుకోను నేను.”

చిన్నసారు లోపల్నుంచి వచ్చి చట్రాన్ని తిప్పి చూశాడు.

“అయ్యో, వాడిన సరుకు వెనక్కి తీసుకోం తాతగారూ. చెయ్యి అదుపులో లేదు కదా, గట్టిగా నొక్కేసుంటారు. మీ తప్పు కాదులెండి.”

ముసలాయన తలూపాడు. నిజమేనన్నట్టు ఊపాడు. కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి, ఎవరికీ కనపడకుండా బల్లకిందకి దించుకున్నాడు.

ఆ దించుకోవడం ఆమె చూసింది.

“ఆ చెయ్యి పైన పెట్టండి,” అంది.

“ఎందుకమ్మా?”

“పెట్టండి.”

పెట్టాడు. వణుకుతున్న వేళ్లు. బొటనవేలు, చూపుడువేలు కలుస్తున్నాయిగానీ మధ్యలో పట్టు లేదు. ఇంత ఇరుకు గుంజల మధ్య ఈ వేళ్లు తిరగవు. సన్న కొక్కెం నిలవదు. గుంజకి వెలుపల గాడి ఉండాలి, కొక్కెం తడుముకుంటూ వెళ్లినా దానంతటదే ఉచ్చుకిందకి జారాలి. లావు దారం కావాలి, కంటికి ఆనాలి. అన్నిటికంటే ముందు, నొక్కితే ఎదురు నిలిచే గుంజ కావాలి.

ఆమె స్టూలు లాక్కుని ఎక్కింది. వాచిన కాళ్లతోనే ఎక్కింది. ఫోటో కింది చెక్క చట్రాన్ని మేకునుంచి తీసింది.

“పిన్నిగారూ, అది అమ్మకానికి కాదు,” అన్నాడు చిన్నసారు.

“అమ్మట్లేదు. ఇస్తున్నా.”

“అది నాన్నగారి గుర్తు.”

“మీ నాన్నగారు గోడకి అల్లలేదు బాబూ.”

గుండీల బల్ల దగ్గర ఏదో డబ్బా కిందపడి గుండీలు దొర్లాయి. ఎవరూ వంగి తియ్యలేదు.

ఆమె లావుపాటి ఉండ తెచ్చి నాలుగు గుంజలకి రెండేసి చుట్లు వేసింది. మెడలోంచి తాడు తీసి, ఆ లావు పిడిని ముసలాయన గుప్పిట్లో పెట్టి, వేళ్లు తనే మూసింది.

“బిగించకండి. కోపమొస్తే పక్కన పెట్టెయ్యండి. కోపంగా చుట్టిన దారం పైకి రాదు.”

“అయితే నేను ఈ జన్మలో అల్లలేనమ్మా. మా కోడల్ని అడుగు.”

“నిజమేనండీ,” అంది కోడలు వెంటనే.

కొక్కెం గుంజకి తగిలింది. తప్పింది. మళ్లీ తగిలింది. గాడిలో జారి ఉచ్చు కిందకి వెళ్లింది. ముసలాయన పళ్లబిగువున ఎత్తాడు. చెక్క గుంజ కదల్లేదు. ఉచ్చు గుంజ తలమీదుగా దాటి అవతల పడింది.

“పడింది,” అన్నాడు. కోడలివైపు తిరిగి, చెవిటిదానికి చెప్పినట్టు మళ్లీ అన్నాడు. “పడిందే!”

“అది మీరు విరగ్గొట్టింది కాదు,” గులాబీరంగు చట్రాన్ని చూపిస్తూ అందామె. “విరిగేదాన్ని మీకు అంటగట్టాం.”

అంటగట్టాం అన్న మాట చిన్నసారు విన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు. వాళ్లు చెక్క చట్రం, కొక్కెం తీసుకుని వెళ్లిపోయాక కూడా బయటికి రాలేదు. సాయంత్రం నాలుగింటికి, బల్ల ఖాళీ అయ్యాక వచ్చాడు.

“రేపట్నుంచి మీరు గోడౌన్లో కూర్చోండి పిన్నిగారూ. పెట్టెలకి చీటీలు అంటించడమే. మీ కాళ్లకీ విశ్రాంతి.” చేతిలో కొత్త చట్రం పెట్టె ఉంది. “ఇవాళ్టికి దీనిమీద ఓ నమూనా టోపీ మొదలుపెట్టిపోండి. బల్లమీద పెడదాం. నాన్నగారు కూడా మీ చేతి వరస అంటే ముచ్చటపడేవారు.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎగతాళి లేదు. తనేం అడుగుతున్నాడో అతనికి నిజంగానే తెలియదు. ఎగతాళి ఉంటే భరించేది.

స్టూలుమీద కూర్చుంది. నీలం దారం తీసుకుంది. ఒక్కో గుంజా చుట్టింది. తమ్ముడి పుస్తకాలు, మొగుడి పళ్లెం, మేకు, హోటలు గోడలు, బల్లకిందకి దిగిపోయిన ముసలి చెయ్యి. ముప్పై ఆరు. మళ్లీ మొదట్నుంచి రెండో చుట్టు. దారం వేలిని కోసింది. కొస ముడేసి, పళ్లతో లాగి బిగించింది.

స్టూలుని బల్లకిందకి తోసింది. చెప్పులు వేసుకుంది.

“వెళ్తున్నా,” అంది గుండీలావిడతో.

“ఊఁ,” అందావిడ, దొర్లిన గుండీలు రంగులవారీగా ఏరుకుంటూ. ఇరవై రెండేళ్లలో ఏనాడూ ‘వెళ్లొస్తా’ అనకుండా గడప దాటని మనిషి ఆ మాట ఎందుకు మింగిందో మర్నాడు పదిన్నరకి గానీ ఆవిడకి తట్టలేదు.

మర్నాడు గోడౌన్లో చీటీలు అలాగే ఉన్నాయి. ఆ మర్నాడూ అంతే. చిన్నసారు నమూనా పూర్తి చేయిద్దామని పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ కొక్కేన్ని గుండీలావిడ చేతికిచ్చాడు. అది మొదటి ఉచ్చు దగ్గరే అడ్డంగా వంగిపోయింది. అతను పెన్ను మొనతో ప్రయత్నించాడు.

“దీన్ని ఎలా తియ్యాలి?”

“కత్తిరించాలి,” అంది గుండీలావిడ. కత్తెర మాత్రం అందించలేదు.

గోడమీద ఫోటో కింద ఖాళీ మేకు. బల్లమీద నమూనా చట్రం. దాని గుంజలన్నీ లోపలికి వంగి ఉన్నాయి, నీలం వరస వాటి మెడలు పట్టుకుని ఉంది.