మూరెడు జాగా

"కొన గట్టిగా పట్టుకో, జారిపోతోంది" అన్నాడు భర్త, వంటింటి వెనక వసారాలో ఒంటి మోకాలి మీద కూర్చుని.

టేపు కొక్కెం ఉన్న కొన ఆమె చేతిలో ఉంది, అంకెలున్న వైపు ఆయన చేతిలో ఉంది. పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో ఆ ఇంట్లో ఏ కొలత తీసినా అదే ఏర్పాటు.

"వెడల్పు మూడడుగుల రెండంగుళాలు. దివ్యంగా సరిపోతుంది. కుక్కరు కూత వినబడుతుంది, అమ్మ పిలిస్తే వినబడుతుంది, వాషింగ్ మెషీన్ ప్లగ్గే దీనికీ పనికొస్తుంది. ఇంకేం కావాలి నీకు?"

ఆమె కొనబోతున్నది కూర్చుని బొంతలు కుట్టే మిషను. మామూలు కుట్టుమిషనులో పళ్లు గుడ్డను ముందుకు లాక్కుపోతాయి, ఇందులో ఆ పళ్లకు పని ఉండదు. బల్లతో సమానంగా అమర్చిన మిషను ముందు కూర్చుని, పై గుడ్డ, నడుమ దూది, అడుగు గుడ్డ కలిపి మూడు పొరలనూ చేతులతోనే ఎటు కావాలంటే అటు తిప్పుకుంటూ కుట్టుకోవచ్చు. బాలికల పాఠశాలలో ఇరవై ఆరేళ్లు కుట్టు టీచరుగా పనిచేసి నాలుగు నెలల క్రితం రిటైరయిన ఆమె, తన కోసం, తన డబ్బుతో కొనుక్కోవాలనుకున్న మొదటి వస్తువు అది. ఆ కోరికను నోటితో చెప్పిన మరుక్షణమే అది భర్త పనిగా మారిపోయింది. నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా రిటైరై ఆరేళ్లుగా చేతిలో పని లేని ఆయన, పెద్ద కాగితం మీద పట్టిక గీసి, అయిదు రకాల మిషన్లకు బరువు, కరెంటు ఖర్చు, చప్పుడు, గ్యారంటీ అంటూ పదకొండు గడులు నింపాడు. ముందు కూర్చునే మనిషి మోచేతులు ఎక్కడ ఆనతాయన్న దానికి మాత్రం గడి లేదు. ఆ మాట ఆమె ఒకసారి అంటే, "మోచేతిదేముంది, సర్దుకుంటుంది" అన్నాడు.

సర్దుకోవడంలో ఆమె చేతికి మంచి సాధన ఉంది. పాఠశాలకు తనిఖీ అధికారి వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయుడు, "లెక్కలకు నలుగురు టీచర్లు, సైన్సుకు ముగ్గురు, ఈవిడ మన కుట్టావిడ" అని పరిచయం చేసేవాడు. ఒక సమావేశంలో ఊడిన గుండీతో సహా తన కోటు ఆమె ఒళ్లో పెట్టి, "మీకిక్కడ మాట్లాడేదేం ఉండదు కదా టీచరుగారూ, కాస్త ఇది చూడండి" అన్నాడు. ఆమె తల వంచుకుని గుండీ కుడుతుండగానే, కుట్టు తరగతులను వారానికి నాలుగు నుంచి రెండుకు తగ్గించాలని మిగిలినవాళ్లు చేతులెత్తారు. దారం కొరికి తలెత్తేసరికి తీర్మానం అయిపోయింది. ఇంట్లో అత్తగారిది మరో పద్ధతి. ఎవరు వచ్చినా కోడలు కుట్టిన బొంత తెప్పించి ఒళ్లో పరుచుకుని, "అంచులు చూసి మురిసిపోవాలమ్మా మా కోడలి పనితనం. నడుమకొచ్చేసరికి మటుకు దూదంతా ముద్ద. చెయ్యి తిరగలేదు, పాపం" అనేది. మిగిలిన మాటలన్నీ కలిపినా ఆ చివరి ‘పాపం’ అంత నొప్పించేవి కావు. ఎందుకంటే ఆమె కూడా అది నిజమనే అనుకునేది. ఇంట్లో ఉన్న పాత మిషనుకు సూదికీ మెడకీ మధ్య ఉన్నది జానెడు సందు. మంచమంత బొంతను చాపలా చుట్టి ఆ సందులో కుక్కితే అది కదలదు, లాగితే సూది విరుగుతుంది. అందుకని అంచుల్లో దగ్గర దగ్గరగా కుట్టి, నడుమ దాకా వచ్చాక నాలుగు గీతలతో ముగించేసేది. అలా కుట్టిన బొంతలు నలభై దాకా ఉంటాయి. నలభైకీ నడుము లేదు.

శనివారం పొద్దున్న దుకాణానికి బయలుదేరుతుంటే ఆమె భుజాన పెద్ద గుడ్డసంచి ఉంది. "అంత సంచి ఎందుకు, మనం కొనేది సంచిలో పట్టదు" అని భర్త తన హాస్యానికి తానే నవ్వుకున్నాడు. మూడు పొరలూ పిన్నీసులతో కూర్చిన కొత్త బొంత ఒకటి అందులో ఉందని ఆమె చెప్పలేదు.

దుకాణం నడుపుతున్నది గోళ్లలో నూనె మరకలున్న, యాభై దాటిన ఒకావిడ, మెకానిక్ కూడా తనే. కళ్లద్దాలు దారంతో మెడలో వేలాడుతున్నాయి. భర్త పట్టిక విప్పి, గుర్తు పెట్టిన మిషను చూపించి, పావుగంట సేపు మోటారు గురించీ చప్పుడు గురించీ మాట్లాడాడు. మెకానిక్ అంతా ఓపిగ్గా విని, స్టూలు ముందుకు జరిపింది.

"రండి సార్, కూర్చోండి. ముక్క గుడ్డ పెట్టాను, కాలితో తొక్కి చూడండి."

ఆయన హుందాగా కూర్చుని తొక్కాడు. మిషను ఒక్క ఊపున గుర్రుమంది, గుడ్డ మెలిక తిరిగింది, దారం పుటుక్కున తెగింది.

"నేను కాదండీ, కుట్టేది మా ఆవిడ" అన్నాడు లేస్తూ.

"అలాగా సార్? ఇందాకట్నుంచీ మీరే చెప్తుంటే మీరే కుడతారేమో అనుకున్నా" అంది మెకానిక్, నవ్వకుండా. తర్వాత ఆమె వైపు తిరిగింది. "రండక్కా. సొంత పని ఏదైనా తెచ్చారా?"

ఆమె సంచిలోంచి బొంత తీసింది. భర్త కనుబొమలు పైకి లేచాయి.

ఆయన గుర్తు పెట్టిన మిషనులో సూదికీ మెడకీ మధ్య జాగా పదకొండంగుళాలు. ఇంట్లోదానికన్నా నయమే అనుకుంటూ అలవాటుగా అంచు సూది కింద పెట్టింది. నాలుగు వరసలు ముచ్చటగా వచ్చాయి.

"అంచునుంచి మొదలెట్టారేంటక్కా?" అంది మెకానిక్.

"ఎప్పుడూ అంతే."

"నడుమ మొదలెట్టి బయటికి రావాలి. అంచులు ముందు బిగించేస్తే దూది ఎటు పోతుంది? తోసుకుంటూ పోయి మధ్యలో ముద్ద కడుతుంది. చెయ్యెంత తిరిగినా లాభం లేదు."

ఆమె కాలు పెడలు మీదే ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లు పిల్లలకు కుట్లు నేర్పిన మనిషికి ఇంత చిన్న విషయం తెలియకపోవడమేమిటని ముందు సిగ్గు కలిగింది. ఆ సిగ్గు వెనకే మరొకటి వచ్చింది. నిజానికి తెలియక కాదు. అంచు పది నిమిషాల పని: ఒక వరస కుట్టి, పిలిస్తే లేచి వెళ్లి, వచ్చి ఇంకో వరస కుట్టుకోవచ్చు. ఎక్కడ ఆపినా అంచు పాడవదు. నడుమ అలా కాదు. మూడు పొరలనూ అరచేతుల కింద అదిమిపెట్టి, రెండు గంటలు లేవకుండా కూర్చుంటే తప్ప నడుమ కుదరదు. ఆ రెండు గంటలు ఆమెకు ఏ రోజూ దొరకలేదు. ఒకరికి మాత్ర, ఒకరికి కాఫీ, తలుపు దగ్గర ఎవరో, స్టవ్ మీద ఏదో. నడుమ తర్వాత చూద్దామనుకుంటూ ముప్పై ఏళ్లు అంచుల మీద బతికి, ఆ లోపాన్ని తన చేతికి అంటగట్టుకుంది.

"పక్కనున్న ఆ పెద్ద మిషను చూస్తాను" అంది.

పెద్దదాని జాగా పద్దెనిమిదంగుళాలు, నిండా మూరెడు. బొంత సగం చుట్ట అందులో హాయిగా ఒదిగింది. ఆమె మోచేతులు బల్ల మీద ఆనించి, సూదిని సరిగ్గా నడుమన దించి, మెల్లగా తొక్కింది. గుడ్డ నీళ్ల మీద ఆకులా కదిలింది. ఒక వలయం, దాని చుట్టూ ఇంకొకటి.

అప్పుడే భర్త జేబులో ఫోను మోగింది. రెండు మాటలు విని ఆమె చెవి దగ్గర పెట్టాడు. "అమ్మ. కళ్లజోడు ఎక్కడ పెట్టావని అడుగుతోంది."

ఆమె చేతులు బొంత మీంచి తీయలేదు. "కుడుతున్నానని చెప్పండి."

"అదేమిటి, ఒక్క ముక్క చెప్తే పోయేదానికి."

"ఆగితే వరస తప్పుతుంది."

ఆయన ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్లాడు. ముప్పై ఏళ్లలో ఆమె ఆ గొంతుకు బదులివ్వకపోవడం అదే మొదటిసారి. మూడో వలయం రెండోదానికన్నా గుండ్రంగా వచ్చింది.

తిరిగి వచ్చిన భర్త గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిందంటే కోపం ఎక్కువైందని ఆమెకు తెలుసు.

"ఆట చాలించు. దీనికి వెనకా, ఎడమ పక్కా జాగా వదలాలట. ఎక్కడ పెడతావ్? హాల్లో వచ్చేపోయేవాళ్లు. నా ఆఫీసు గది కదిపేది లేదు. అమ్మ గది అమ్మది. నీ సరదా కోసం ఇంటిని తిరగేస్తామా?"

ఆయన చెప్పిన లెక్కలో తప్పేమీ లేదు. ఒక్కో గదీ ఆమె మనసులో తిరిగి వచ్చింది. ప్రతి గదికీ ఒక యజమాని ఉన్నాడు. వంటిల్లు నీదే కదా అంటారు, కానీ అక్కడ వస్తువులు మాత్రమే ఆమెవి, వేళలు అందరివీ. తనకు సగమైనా హక్కున్నది ఇంట్లో ఏముందని వెతికితే, ఒక్కటే తేలింది. అది కూడా ఇన్నేళ్లుగా రోజూ పొద్దున్నే దుప్పటి దులిపి, ముడతలు తీసి, మళ్లీ పరిచిన వస్తువే.

మెకానిక్ మిషను ఇంట్లో బిగించడానికి వివరాలు రాసుకునే కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకుంది. "ఏ మిషను రాయమంటారు? ఏ గది?"

"వసారా" అన్నాడు భర్త. "చిన్నది."

"పెద్దది" అంది ఆమె. "పడకగది."

"పడకగదిలో మంచం ఉంది" అన్నాడు ఆయన, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"ఉంది. అందులో సగం నాది. నా సగం అక్కడే ఉంటుంది, పక్కన మిషను వస్తుంది. మీ సగం మీ ఆఫీసు గదిలో వేయించుకోండి."

ఆయన మెకానిక్ వంక ఒకసారి చూసి, పట్టిక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

మెకానిక్ ఇద్దరి వంకా చూడకుండా కాగితం మీదే కళ్లు ఉంచింది. "మంచం తీయడానికి మనుషుల్ని పంపించాలా అక్కా?"

"ఇద్దరు చాలు" అంది ఆమె, సూది కింద నుంచి బొంతను జాగ్రత్తగా బయటికి తీస్తూ. "అవి రెండు ఒంటి మంచాలే, మధ్యలో బోల్టులతో బిగించారు. వాళ్లొచ్చేసరికి బోల్టులు నేను విప్పి ఉంచుతాను."